పాత తుపాకి, పాత భయము

అబిడ్సుకు కూతవేటు దూరమున, గన్‌ఫౌండ్రీ సందులలో, ఇటుకతోను సున్నముతోను ఏనాడో కట్టిన ఒక కట్టడము శిథిలమై నిలిచియున్నది. నగరపు వృద్ధులు నేటికిని దానిని తోప్ కా సాంచా అనియే వ్యవహరింతురు. నిజాం అలీఖాను కొలువున చేరిన మిషెల్ రేమండ్ అను ఫ్రెంచి సేనాని ఇచ్చట ఫిరంగులు పోతపోయించెను. హైదరాబాదు జనులు అతనిని మూసా రహీం అని తమవానిగా చేసికొనిరి; మూసారాంబాగు పేరిట అతని స్మృతి నేటికిని సిటీబస్సుల పలకలమీద ఊరంతయు తిరుగుచున్నది. అతని చేతిక్రింద తర్ఫీదు పొందిన పటాలము పదునాలుగు వేలకు పెరుగగా, నిజామును తమ వైపు త్రిప్పుకొన తహతహలాడుచున్న ఆంగ్లేయులకు ఆ ముసలి ప్రభువుకంటె ఈ కొలిమియే ఎక్కువ భయము కలిగించినది. 1798 మార్చిలో రేమండ్ మరణించెను. సెప్టెంబరులో నిజామునకును ఆంగ్లేయులకును నడుమ సంధిపత్రముపై సంతకములైనవి. అక్టోబరులో ఆ పటాలమంతయు, యుద్ధమన్నది లేకుండగనే, ఆయుధములు క్రింద పెట్టి చెదరిపోయినది.

ఈ వారము రైఫిళ్ళను గూర్చి వ్రాయదలచి ఫిరంగుల కొలిమితో ఆరంభించుటకు కారణమున్నది. ప్రాతకాలపు సైనిక రైఫిళ్ళపై నాకు యౌవనమునుండియు వ్యామోహము కలదు. వాని అంగాంగము లెరుగుట, దొరికినదానిని తుడుచుట, వీలుచిక్కినపుడు గురిపెట్టి పేల్చుట నా కాలక్షేపము. ఇన్నేండ్ల ఈ సాంగత్యమువలన నాకు కుదిరిన నమ్మకమేమనగా, ఈ దేశమున తిరుగాడిన పాత తుపాకులలో చాలవాటి గొట్టములయందు, వానిని చేయించిన సర్కారువారి భయము అంగుళపు వేయవ వంతులతో సహా తొలిచి యున్నది.

సేకరణ యనుటకు మాత్రము నా కలము జంకుచున్నది. 1959 నాటి ఆయుధముల చట్టమును, దాని క్రింది నిబంధనలును .303 రైఫిలును నిషిద్ధ బోరుగా ఎంచినవి. సైన్యపు తూటాను పేల్చగల రైఫిలు, అది మా తాతగారి వయస్సుదైనను, సామాన్య పౌరుని ఇంట నుండరాదు. మరమ్మతు చేసినను పేలజాలని పురాతనాయుధములకు 45వ సెక్షనున మినహాయింపు కలదు కాని, అట్టిదానిని గోడకు తగిలించుకొని చూచుచు కూర్చుండుటకంటె పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియమునకు పోయి అద్దములకావల నున్న ఆయుధములను చూచి వచ్చుట మేలు. దుమ్ము దులుపు పనియైన తప్పును. కనుక నావంటివాడు .315తో తృప్తిపడవలసినదే.

ఈ .315 అనునది ఇషాపూరు రైఫిల్ ఫ్యాక్టరీవారు మన పౌరులకొరకు చేయుచు వచ్చిన తుపాకి. మా తండ్రిగారు, మెదక్ జిల్లాలోని మా పొలములకు అడవిపందుల బెడద మిక్కుటముగానున్న దినములలో, పంటరక్షణకై లైసెన్సు సంపాదించి దీనిని కొనిరి. పైకి చూచినవారికిది వట్టి వేటతుపాకి. బోల్టు లాగి చూచినవాడు మాత్రము పాతమిత్రుని గుర్తుపట్టును. లోని యంత్రమంతయు బ్రిటిషు సైన్యపు లీ-ఎన్‌ఫీల్డు. తూటా మాత్రము ఆస్ట్రియా సైన్యమువారి 8 మిల్లీమీటర్ల మాన్‌లికర్. విక్రమార్కుని కథలలోని పరకాయప్రవేశము వంటి ఈ కల్పన ఎందులకనగా, .303 పౌరులకిచ్చినచో దండుగోదాములనుండి తూటాలు దొంగిలించి వాడుకొందురని దొరతనమువారికి శంక. ఆస్ట్రియా తూటా హిందూదేశపు ఏ దండులోను దొరకదు గదా!

ఈ శంక ఒక్క .315తో పుట్టినది కాదు. 1857 తిరుగుబాటు అణగిన పిమ్మట భారతీయ సిపాయిలకై చేయించిన 1858 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకులలో గొట్టములోని మరలను తీసివేసి నునుపు చేసిరి. గుండు తనచుట్టు తాను తిరుగుచు సూటిగా పోవుటకు తోడ్పడునవి ఆ మరలే గనుక, అవి లేని తుపాకి దూరముననున్న దొరను కొట్టజాలదు. తెల్లసిపాయి చేతికి స్నైడరు వచ్చినపుడు నల్లసిపాయికి పాత ఎన్‌ఫీల్డు, అతనికి మార్టినీ-హెన్రీ వచ్చినపుడు ఇతనికి స్నైడరు: ఎల్లప్పుడును ఒక తరము వెనుక. 1878లో లిట్టను ప్రభువు తెచ్చిన చట్టము భారతీయుడు ఆయుధము ధరించుటకు లైసెన్సు కావలెననియు, ఐరోపావారికి అక్కరలేదనియు శాసించినది. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దమున వేటగాండ్ర .450 బోరునకును నిషేధము వచ్చినది. సరిహద్దులలోని తిరుగుబాటుదారుల చేతనున్న పాత మార్టినీ-హెన్రీలకు ఆ గుండ్లు పనికివచ్చునని భయము. పులివేటలో దిట్టయని పేరొందిన మహబూబ్ అలీ పాషా మన నగరమునేలుచున్న కాలమది. లండనులోని తుపాకి కంపెనీలవారు సందు దొరకినదే చాలునని .470 మొదలగు క్రొత్త బోరులు సృష్టించి హిందూదేశపు శ్రీమంతులకు అమ్ముకొనిరి. భయము ఒకరిది, లాభము మరియొకరిది.

వీటన్నింటిలోను నాకు విచిత్రముగా తోచునది .410 మస్కెట్టు. చక్కని .303 రైఫిలునకు నున్నని .410 గొట్టము నమర్చి, ఒక్కొక్కటిగా తప్ప తూటా పెట్టుటకు వీలులేకుండ చేసి, పోలీసులకును కాపలాదారులకును పంచిరి. ఎవడైన లాగుకొనిపోయినను వానికి పెద్దగా అక్కరకు రాకూడదని యేర్పాటు. ఈ జాగ్రత్త కేవలము ఊహాజనితము కాదనుటకు మన మన్యమే సాక్షి: 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడిచేసి 26 తుపాకులను, వేలకొలది తూటాలను తరలించుకొనిపోయెను.

స్వతంత్రము వచ్చినది, దొరలు పోయిరి. అయినను నిషిద్ధ బోరుల పట్టికలో .303 ఉన్నది, .410 మస్కెట్టు ఉన్నది. వారి భయమును మనము వారసత్వముగా స్వీకరించితిమి. దీనిని తప్పుపట్టువారిలో నేను చేరను. 1948లో ఈ నగరమున ఏమి జరిగినదో మా ఇంటి పెద్దలనోట విని పెరిగినవాడను. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి రాత్రులయందు విమానములలో ఆయుధములు దింపుచుండెను. పల్లెలలో రజాకార్లచేతను, వారిని ఎదిరించినవారి చేతను బర్మార్లు మొదలు సైనిక రైఫిళ్ళ వరకు లెక్కకందని తుపాకులు. సెప్టెంబరు 13న ఆరంభమైన పోలీసుచర్య అయిదు దినములలో ముగిసినను, ఆ తుపాకులన్నియు అటుపిమ్మట ఎన్ని చేతులు మారెనో! తుపాకిని ప్రేమించుట వేరు, ప్రతి ఇంట తుపాకి యుండవలెననుట వేరు. నా వ్యామోహమునకు చట్టము కంచె వేసినదని నొచ్చుకొందును గాని, ఆ కంచె పీకివేయుడని అర్జీ వ్రాయబోను.

అసలు రైఫిలును నేను తొలుత చేతబట్టినది కళాశాలలో, ఎన్.సి.సి. కృపవలన. అప్పుడు మాకిచ్చిన .22 తుపాకి నిజమునకు లీ-ఎన్‌ఫీల్డే. గొట్టపు రంధ్రము మాత్రము సన్నము. పది తూటాల మ్యాగజైను స్థానమున ఖాళీ పెట్టె మిగిలియుండెడిది. పేల్చిన తూటా డొల్లలు అందులో రాలిపడెడివి. మడమకు ఇత్తడి రేకు, ఆ రేకులో చిన్న తలుపు, తలుపు వెనుక నూనెబుడ్డియు, పుల్‌త్రూ త్రాడును దాచుకొను గూడు. పాతికగజముల దూరమున గురికాగితము, నేలమీద బోరగిల పరుండిన మేము, వెనుకనుండి హవల్దారుగారి హిందీ కేకలు. అయిదు గుండ్లు ఒక్కచోట పడుటయే విద్య. నడుమ చుక్కలో పడుట తరువాతి మాట. శిస్తు సరిగా పట్టి, శ్వాసను సగము విడిచి ఆపి, మీటను నొక్కు విధానమును ఆయన మా వీపులపై బెత్తముతో సహా బోధించెను. ఆ రోజులలో నాంపల్లి కోర్టులకు ఖైదీలను తెచ్చు కానిస్టేబుళ్ళ భుజములపై అసలు .303 వ్రేలాడుచుండ చూచి, మా చిన్నదాని పెద్దన్న యితడే గదాయని ఆగి నిలుచుండి చూచెడివాడను. కానిస్టేబులు అనుమానముగా చూచినపిదప కదలెడివాడను.

లీ యంత్రములోని సొగసు బోల్టులో నున్నది. స్కాట్లండున పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో స్థిరపడిన జేమ్స్ పారిస్ లీ దీనికి కర్త. జర్మనీ మౌజరులో బోల్టుపిడి పైకెత్తునపుడే స్ట్రైకరు స్ప్రింగు ముడుచుకొనును, కావున ఎత్తుటకు బలము కావలెను. లీ రైఫిలులో పిడి తేలికగా లేచును, బోల్టును ముందునకు త్రోయు చివరిక్షణమున మాత్రమే స్ప్రింగు ఎదురుతిరుగును. ముందునకు త్రోయు చేతికి సహజముగనే ఊపు కలదు గనుక ఆ బరువు తెలియదు. 1907 నాటి పొట్టి నమూనా, నాలుగు కిలోల బరువుదైనను, పది తూటాలను అంత వేగముగా ఉమ్మివేయుటకు రహస్యమిదే. దీనిలో ఒక చిక్కును కలదు: .303 తూటా అడుగున అంచు కలది. మ్యాగజైనులో పైతూటా అంచు క్రిందిదాని అంచు వెనుక చిక్కినచో, బోల్టు ఎంత త్రోసినను తూటా కదలదు. నింపుటయందు ఓపిక లేనివాడు పేల్చుటయందు అవమానము పొందును.

ఇక నా నిత్యకృత్యము. వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతోనే ముగిసినది. పెద్ద బోరునకు తగిన రేంజి పౌరునికి దొరకుట దుర్లభము. తూటాలకు లైసెన్సులోనే పరిమితి. కావున నా కాలక్షేపములో పేల్చుట వీసమెత్తు, తుడుచుట మణుగెత్తు. పాతకాలపు తూటాల క్యాపులోని రసాయనము మండినపిదప గొట్టములో ఒకవిధమగు ఉప్పు మిగులును; ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినివేయును. నూనెతో ఉప్పు కరగదు, నీటితో కరగును. కనుక వెనుకటి సిపాయిలు గరాటు పెట్టి సలసల కాగు నీరు గొట్టములో పోసెడివారు. వేడికి లోహము తనంత తానే ఆరును. తరువాత పుల్‌త్రూకు చిందీ కట్టి లాగి, చివర పలుచగా నూనె పూయుదురు. నేనును అట్లే చేయుదును. అక్రోటు కర్రకు వానకాలమునకు ముందు అవిసెనూనె పట్టింతును. అబిడ్సు ఆదివారపు పుస్తకముల అంగళ్ళలో దొరకిన, రెండవ ప్రపంచయుద్ధ కాలపు స్మాల్ ఆర్మ్స్ ట్రెయినింగు చిన్నపుస్తకము నాకు గురువు. ఖాళీ తుపాకిని ఒకటికి రెండుమార్లు తెరచి చూచుకొని, గొట్టము కొనపై రూపాయిబిళ్ళ నిలిపి, అది పడకుండ మీట నొక్కుట సాయంకాలపు అభ్యాసము. మా ఇంటావిడ దీనిని తపస్సు అనును. ఆ మాటలో మెచ్చుకోలు పాలెంతయో అడుగుటకు నాకు ధైర్యము చాలలేదు.

అబిడ్సునకును నాంపల్లి స్టేషనునకును నడుమ నేనెరిగిన తుపాకుల దుకాణమొకటి కలదు. ఎన్నికలు వచ్చినపుడెల్ల లైసెన్సుదారులు ఆయుధములను ఠాణాలోనో, డీలరువద్దనో అప్పగించవలెను గనుక, 2023లో శాసనసభకును, 2024లో లోక్‌సభకును ఎన్నికలు జరుగ, నా రైఫిలు ఇంటికంటె అక్కడనే సుఖముగా నుండెను. రసీదు వ్రాయుచు ఆ పెద్దమనిషి, బీరువానిండ పేరుకొన్న తుపాకులవైపు గడ్డముతో చూపి, "దాచుడు అందరికీ తెలుసు సార్, తుడుచుడే తెల్వది" అనెను. నా రైఫిలును తెరచి గొట్టములో చూచి మాత్రము తల యాడించెను. అంతకుమించిన బిరుదు నాకెవ్వరును ఇచ్చియుండలేదు.

టెక్సాసులోనున్న మా మేనల్లుడు పోయిన సంక్రాంతికి వీడియోకాలులో ఒక రైఫిలు చూపించెను. "మామయ్యా, దీని మీద ఏముందో చదవండి" అనెను. ఇషాపూరు ముద్ర! 1962 చైనా యుద్ధానంతరము మన సైన్యమునకై పాత లీ యంత్రమునే 7.62 తూటాకు మార్చి చేసిన 2ఏ1. మనవారు పాతబడినవని వదలినవి అమెరికా అంగళ్ళకు చేరినవి; అచ్చట ఏబదియేండ్లు దాటిన తుపాకులను క్యూరియో, రెలిక్ అను తరగతిలో చేర్చి, సేకర్తలకు ప్రత్యేక లైసెన్సే యిత్తురు. వంగదేశమున పుట్టిన రైఫిలు డాలసు కుర్రవాని గోడమీద నున్నది; నాకు దానిని తాకు యోగము లేదు. వానికి పుల్‌త్రూ అననేమో తెలియదు. మరిగించిన నీటిని గూర్చి నేను చెప్పినదంతయు విని, ఈ కాలపు తూటాలకు ఆ బాధ లేదనెను. నిజమే.

2016 నిబంధనల ప్రకారము, లైసెన్సుదారునకు డెబ్బది యేండ్లు నిండినపుడుగాని, ఆయుధము పాతికేండ్లు అతనివద్ద నున్నపిదపగాని, ఏది ముందు వచ్చిన అప్పుడు, వారసులకు దానిని బదలాయించు వీలు కలదు. మా తండ్రిగారి బ్రతుకులోనే నాకది అట్లే సంక్రమించినది. 2019 సవరణచే మనిషికి మూడు తుపాకుల హద్దు రెండునకు తగ్గినదిగాని, ఒక్కదానికే సంరక్షకుని వెదకుకొనుచున్న నాకు దానితో పనిలేదు. మా అమ్మాయి ఎయిర్ రైఫిలు పట్టినది. పది మీటర్లలో నాకంటె చక్కగా కొట్టును, .315 మోతను మాత్రము సహింపదు. దరఖాస్తుపై సంతకము చేయుట కొప్పుకొన్నదిగాని, "కడగడం మాత్రం మీదే నాన్నా" అని షరతు పెట్టినది.