కోడ్‌లో కట్టిన బాకా

పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వెనక నడిచిన వాళ్లకు ట్రంపెట్ గుణం ఇట్టే తెలిసిపోతుంది. మెల్లగా ఊదితే మెత్తగా, గుండ్రంగా పలుకుతుంది. ఊపిరి బిగించేకొద్దీ పదునెక్కి, చివరికి ఇత్తడి ఖంగుమంటుంది. మెల్లగా ఊదిన స్వరాన్ని రికార్డు చేసి ఎంత వాల్యూమ్ పెంచినా ఆ ఖంగు రాదు.

ఆ తేడా ఎక్కడుందో కంప్యూటర్‌తో తేల్చి చూపించిన వారు జాఁ క్లోద్ రిస్సే. ఫ్రాన్స్ నుంచి 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు వెళ్లిన ఈ స్వరకర్త ట్రంపెట్ స్వరాలను విడదీసి, వాటిని మళ్లీ అంకెలతో నిర్మించి విన్నారు. అప్పటి పాఠ్యపుస్తకాలు ప్రతి వాద్యానికీ మారని హార్మోనిక్స్ (స్వరంలో కలిసుండే ఉపస్వరాల) పట్టిక ఒకటి ఇచ్చేవి. ఆ పట్టిక ప్రకారం చేసిన ధ్వని ట్రంపెట్‌లా పలకలేదు. స్వరం బలపడేకొద్దీ పై హార్మోనిక్స్ వాటా పెరగాలని, స్వరం మొదలయ్యేటప్పుడు కిందివి ముందు, పైవి వెనక రావాలని రిస్సే గమనించారు. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ ఆ సూత్రాన్నే ఎఫ్‌ఎం సింథసిస్ అనే ధ్వని నిర్మాణ పద్ధతిలో వాడుకున్నారు. యమహా 1983లో తెచ్చిన డీఎక్స్7 కీబోర్డ్ ఆ పద్ధతిని స్టూడియోలకు చేర్చింది.

ఇదంతా ధ్వనిని బయటి నుంచి చూసి గీసిన బొమ్మ. ఫిజికల్ మోడలింగ్ చేసేవాళ్లు బొమ్మ జోలికి పోరు. వాద్యాన్నే లెక్కల్లో కట్టి, దాన్ని ఊదుతారు.

బీ ఫ్లాట్ ట్రంపెట్ మెలికలన్నీ విప్పితే సుమారు 1.4 మీటర్ల గొట్టం. పెదవుల దగ్గర పుట్టిన ఒత్తిడి తరంగం సెకనుకు 343 మీటర్ల చొప్పున గరాటు దాకా పోతుంది. అక్కడ కొంత బయటపడి మనకు వినిపిస్తుంది, మిగతాది వెనక్కి మళ్లుతుంది. రానూపోనూ దాదాపు 8 మిల్లీసెకన్లు. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన అది సుమారు 360 అంకెలు పట్టే వరస. కంప్యూటర్‌కు గొట్టమంటే ఆ వరసే, దాన్నే డిలే లైన్ అంటారు. ఒక కొసన వేసిన అంకె అన్ని శాంపిళ్లు గడిచాక రెండో కొసన బయటికొస్తుంది. జూలియస్ స్మిత్ 1980లలో స్టాన్‌ఫర్డ్‌లో డిజిటల్ వేవ్‌గైడ్ పేరుతో తీర్చిదిద్దిన పద్ధతి ఇది.

ఇక పెదవులు. పెరీ కుక్ 1991లో టీబోన్ అనే ఇత్తడి వాద్యాల నమూనాను ప్రకటించారు. తర్వాత ఆయన, గ్యారీ స్కావోన్ కలిసి అభివృద్ధి చేసిన ఎస్‌టీకే అనే ఉచిత కోడ్ సంపుటిలో 'బ్రాస్' అనే చిన్న భాగం ఉంది. అందులో పెదవి అంటే బరువు కట్టిన స్ప్రింగులా ఊగే ఒక ఫిల్టర్. గొట్టం నుంచి తిరిగొచ్చిన ఒత్తిడిని 0.85తో గుణించి, నోటి ఒత్తిడిలోంచి తీసేస్తారు. మిగిలిన తేడా పెదవిని కదిలిస్తుంది. ఆ కదలికను వర్గం చేస్తే పెదవుల మధ్య సందు ఎంతో వస్తుంది. అది 1 దాటితే 1 దగ్గరే ఆపేస్తారు. సందు తెరుచుకున్నంత మేర నోటి ఒత్తిడి, మూసుకున్నంత మేర తిరిగొచ్చిన తరంగం మళ్లీ గొట్టంలోకి పోతాయి. గుండెకాయ లాంటి ఈ భాగమంతా పది వరసల కోడ్ దాటదు. అందులో రికార్డు చేసిన ట్రంపెట్ ధ్వని రవ్వంత కూడా లేదు.

ఇలాంటి నమూనాలో గొట్టం పొడవు కదపకుండా పెదవి ఫ్రీక్వెన్సీని మెల్లగా పెంచుతూ పోతే స్వరం కాసేపు ఉన్నచోటే పట్టుకుని ఉండి, గభాలున పై మెట్టెక్కుతుంది. మీటలే లేని బ్యూగుల్ మీద సైనికుడు పెదవులు బిగించి స్వరాలు మార్చేది ఇలాగే. ఎక్కమని కోడ్‌లో ఎవరూ రాయలేదు. గొట్టానికీ పెదవికీ నడిచే బేరసారాల్లోంచి ఆ మెట్లు వాటంతటవే పుట్టుకొస్తాయి. ఈ పనిని ప్రేమించడానికి ఆ ఒక్క గెంతు చాలు. రెండూ కుదరని చోట స్వరం పగులుతుంది, గురగురమంటుంది. కొత్తగా ట్రంపెట్ పట్టిన పిల్లవాడి దగ్గరా అంతే. ఆ పగుళ్లను దాచి సాపు చేస్తే నమూనా వాద్యంగా మిగలదు.

యమహా 1994లో అమ్మకానికి తెచ్చిన ఫిజికల్ మోడలింగ్ కీబోర్డ్ వీఎల్1 ఈ సంగతిని మార్కెట్‌లో పరీక్షకు పెట్టింది. అది ఒకేసారి రెండు స్వరాలే పలికేది. దాని సత్తా తెలియాలంటే బ్రెత్ కంట్రోలర్ నోట పెట్టుకుని ఊపిరి మీద సాధన చేయాల్సిందే. మీట నొక్కితే చాలు, రికార్డు చేసిన స్వరం పలికే కీబోర్డులకు అలవాటుపడిన చేతులకు అది కొత్త చదువు.

మొదట చెప్పిన ఇత్తడి ఖంగుకు మరో కారణం 1996లో బయటపడింది. ట్రాంబోన్‌ను బాగా గట్టిగా ఊదినప్పుడు గొట్టంలో తరంగ శిఖరాలు లోయలకన్నా వేగంగా పోతూ, ముందు అంచు నిటారై, షాక్ వేవ్ ఏర్పడుతుందని పరిశోధకుడు హిర్ష్‌బర్గ్, ఆయన సహచరులు కొలిచి చూపించారు. అన్ని అంకెలనూ ఒకే వేగంతో నడిపే మామూలు డిలే లైన్‌లో అది పుట్టదు. ప్యారిస్‌లోని సంగీత పరిశోధన సంస్థ ఇర్కామ్‌లో పరిశోధకులు వెర్గెజ్, రోదే ట్రంపెట్ నమూనాకు ఆ గుణాన్ని జోడించారు.

ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో స్టెఫాన్ బిల్బావ్ నడిపిన నెస్ ప్రాజెక్టు ఇంకో దారి పట్టింది. అక్కడ స్వరకర్త రెండు ఫైళ్లు రాయాలి. ఒకదాంట్లో గొట్టం కొలతలు, వాల్వులు ఉండే చోట్లు. రెండోదాంట్లో నోటి ఒత్తిడి, పెదవి ఫ్రీక్వెన్సీ, వాల్వు తెరుపు క్షణక్షణానికీ ఎలా మారాలో. వాల్వును సగంలో ఆపి, గాలి రెండు దారుల్లో పోయేలా కూడా చేయొచ్చు.

ఎస్‌టీకే ఇప్పటికీ ఉచితంగానే దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. సీ ప్లస్ ప్లస్ వచ్చిన విద్యార్థి ఒక సాయంత్రం కూర్చుంటే ఆ 0.85ను మార్చి, గరాటు నుంచి తక్కువ తరంగం తిరిగొస్తే స్వరం నిలుస్తుందో లేదో వినొచ్చు. తర్వాత నోటి ఒత్తిడిని సున్నా నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ, స్వరం ఎక్కడ అందుకుంటుందో చూడొచ్చు.