ఇల్లు వెతుక్కుంటూ వచ్చే వైద్యం

తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా నల్లరేగడి నేల. వాన పడితేనే పంట. పొలం ఆదుకోని ఏడాది అగ్గిపెట్టెల కార్ఖానాలు ఆదుకుంటాయి. ఈ చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్ళల్లో ఈనాటికీ మాట్లాడుకునేది తెలుగే. విజయనగర కాలం నుంచీ దక్షిణాదికి వలస వచ్చినవాళ్ళ సంతతి వీళ్ళు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైచెవల్‌లో ఒక తెలుగింట పుట్టి తమిళంలో మహారచయిత అయిన కి. రాజనారాయణన్ ఈ జనం కథనే ‘గోపల్ల గ్రామం’గా రాశారు. అందులో వలస నాటి సంగతులన్నీ చెప్పేది నూరేళ్ళు దాటిన మంగత్తాయారు అవ్వ. ఆ అవ్వ కూర్చున్న చోటే ఆ ఇంటికి నడిబొడ్డు.

అలాంటి అవ్వలూ తాతలూ ఈ పల్లెల్లో ఇప్పుడు చాలామంది ఉన్నారు. 2021 నాటికి తమిళనాడు జనాభాలో అరవై దాటినవాళ్ళు 13.6 శాతమని కేంద్ర ప్రభుత్వ అంచనా. కేరళ తర్వాత దేశంలో ఇదే ఎక్కువ. పిల్లలు పని వెతుక్కుంటూ నగరాలకు వెళ్తారు. పెద్దలు ఊళ్ళోనే ఉండిపోతారు.

2020 మార్చి 25న కరోనా వల్ల దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు ఈ పెద్దలకు ముందు ఆగిపోయింది బస్సు. బస్సు ఆగితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అందదు. అది అందకపోతే బీపీ, షుగరు బిళ్ళలు ఉండవు. ఇది ఒక్క ఈ ప్రాంతం బాధ కాదు. ఆ ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 155 దేశాలను ఆరా తీస్తే, రక్తపోటు చికిత్స 53 శాతం దేశాల్లో, మధుమేహ చికిత్స 49 శాతం దేశాల్లో కొంతో పూర్తిగానో దెబ్బతిన్నదని తేలింది. పక్షవాతం వచ్చినవాళ్ళకు కాలూ చెయ్యీ తిరిగి ఆడించే పునరావాస సేవల సంగతి ఇంకా అన్యాయం, 63 శాతం. దీర్ఘరోగులకు మూడు నెలల దాకా మందులు ముందే ఇవ్వవచ్చని, ఆశా కార్యకర్తల ద్వారా అందించవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ ఏప్రిల్‌లోనే సూచించింది. మంచి మాటే. కానీ ఏ ఇంట్లో ఎవరికి ఏ బిళ్ళ కావాలో తెలిసిన మనిషి ఆ వీధిలో ముందునుంచీ ఉంటేనే ఆ మాట చెల్లుతుంది.

ఆ మనిషిని శాశ్వతంగా నిలబెట్టే పని 2021 ఆగస్టు 5న మొదలైంది. రెండో అల తగ్గుముఖం పట్టిన ఆ రోజుల్లో కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ముఖ్యమంత్రి స్టాలిన్ ‘మక్కళై తేడి మరుత్తువం’ (ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం) పథకాన్ని ప్రారంభించారు. తర్వాత అది రాష్ట్రమంతా పరుచుకుంది. మన డ్వాక్రా సంఘాల వంటి మహిళా సంఘాల నుంచే ఎంపిక చేసిన ఆరోగ్య కార్యకర్త ఇంటింటికీ వస్తుంది. మంచాన పడినవాళ్ళ కోసం ఉపశమన సేవల నర్సు, ఫిజియోథెరపిస్టు వస్తారు. కిడ్నీ చెడి ఇంట్లోనే పొట్ట ద్వారా డయాలిసిస్ చేసుకునేవాళ్ళకు ద్రవం సంచులు ఇంటికే చేరతాయి.

పథకం గురించి చెప్పేవాళ్ళు అంకెలు చెబుతారు. నాకు ముచ్చట గొలిపేది ఆ చేతుల పనితనం.

బీపీ చూడటమే తీసుకోండి. ఎవరైనా చేయగలిగిన పనిలా కనిపిస్తుంది. నేర్చుకున్న మనిషి రాగానే పట్టీ చుట్టదు. పెద్దావిడను గోడకు ఆనించి కూర్చోబెడుతుంది. పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు ఉండకూడదు. అయిదు నిమిషాలు ఆగుతుంది. ఇప్పుడే కాఫీ తాగారా, పొగాకు నమిలారా అని అడుగుతుంది. పట్టీ రవిక చేతి మీద కాకుండా ఒంటి మీదే పడాలి. చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. యంత్రం నడుస్తున్నంతసేపూ ఇద్దరూ మాట్లాడకూడదు. పల్లెటూళ్ళో ఇదే కష్టమైన భాగం, ఎందుకంటే ఆ అవ్వకు వారమంతా దాచుకున్న మాటలుంటాయి. రెండుసార్లు చూస్తుంది. లేచేటప్పుడు కళ్ళు తిరుగుతున్నాయని అవ్వ అంటే నిలబెట్టి మరోసారి చూస్తుంది. కూర్చుంటే బాగున్న బీపీ నిలబడగానే పడిపోయే ముసలివాళ్ళు చాలామంది. తుంటి ఎముక విరగడం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

తర్వాత బిళ్ళల అట్ట. కొత్తది చేతికిచ్చే ముందు పాత అట్ట తెమ్మని, అందులో ఎన్ని గూళ్ళు ఖాళీ అయ్యాయో లెక్కపెడుతుంది. మిగలకూడనివి మిగిలి ఉంటే కసురుకోదు. నీరసంగా ఉందని మానేశారా, బాగానే ఉన్నానని మానేశారా, తెల్ల బిళ్ళా తెల్ల బిళ్ళా ఒకటే అనుకున్నారా అని కనుక్కుంటుంది. అదే ఊరి మనిషి కాబట్టి జవాబు దొరుకుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే అవ్వ తన నొప్పిని తన ఇంటి మాటల్లోనే చెప్పుకోగలగడం చిన్న సదుపాయం కాదు.

నర్సు పని ఇంకా సున్నితం. మంచాన పడిన మనిషికి పడకపుండు పుట్టేది నడుము కింది ఎముక మీద, మడమల మీద, తుంటి పక్కల. ముందు ఎర్రటి మచ్చ వస్తుంది. వేలితో నొక్కితే తెల్లబడని ఎరుపు అయితే అది హెచ్చరిక. దాన్ని రుద్దకూడదని, రెండు గంటలకోసారి పక్క మార్చాలని, మనిషిని ఈడ్వకుండా దుప్పటితో సహా ఎత్తి జరపాలని ఇంట్లోవాళ్ళకు చేసి చూపిస్తుంది. పుండు పడ్డాక కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో కడగడం, వాసన వస్తుంటే మెట్రోనిడజోల్ బిళ్ళ నలిపి వాడటం కేరళ ఉపశమన సేవకులు ఎంతోకాలంగా చేస్తున్న పద్ధతులు. 1993లో కోళికోడ్‌లో చిన్నగా మొదలైన ఆ సేవకు దక్షిణాది అంతా రుణపడి ఉంది. కోడలికో కూతురికో ఆ పని వచ్చేదాకా నేర్పడమే నర్సు అసలు నేర్పు. రేపు మళ్ళీ రాకపోకలు ఆగిపోయినా ఆ ఇంట్లో పుండు కడిగే చెయ్యి ఒకటి ఉంటుంది.

అంటురోగం తిరిగే రోజుల్లో ఈ పనికి మరో నియమం తోడవుతుంది. అందరికన్నా బలహీనంగా ఉన్న ముసలివాళ్ళ ఇంటికి ముందు వెళ్ళాలి, జ్వరమున్న ఇంటికి ఆఖరున. గాలి ఆడే అరుగు మీదే పరీక్ష. మాస్కు, సబ్బు, పట్టీ తుడవడం ఏ ఇంట్లోనూ తప్పకూడదు. సేవ చేసే చెయ్యే రోగాన్ని మోసుకొస్తే అంతా వృథా.

వీళ్ళ సంచి నిండటం వెనక కూడా పనితనం ఉంది. 1994లో ఏర్పడిన తమిళనాడు వైద్య సేవల సంస్థ మందులను ఒకేచోట కొని, నాణ్యత పరీక్షించి, జిల్లా గిడ్డంగుల నుంచి ఆస్పత్రులకు పాసుపుస్తకం లెక్కన ఇస్తుంది. చాలా రాష్ట్రాలు ఈ పద్ధతి చూసి నేర్చుకున్నాయి. గిడ్డంగి ఖాళీగా ఉంటే ఎంత మంచి కార్యకర్త అయినా ఉత్త చేతులతోనే రావాలి.

2024లో ఈ పథకానికి ఐక్యరాజ్యసమితి సంస్థల ఉమ్మడి కార్యదళం అవార్డు వచ్చింది. వచ్చి తీరాల్సిందే. కానీ ఇంటింటికీ తిరిగే ఆ ఆడవాళ్ళు ఈనాటికీ గౌరవ వేతనం మీదే పనిచేస్తున్నారు, పెంచమని అడుగుతూనే ఉన్నారు. ఇంత నేర్పు ఉన్న పనిని స్వచ్ఛంద సేవ లెక్కన చూడటం నాకు సమ్మతం కాదు.

తెలంగాణలో ‘ఆలన’ వాహనాలు మంచాన పడినవాళ్ళ ఇళ్ళకు వెళ్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యామిలీ డాక్టర్ పేరుతో పల్లెకు వైద్యుడు వచ్చే ఏర్పాటు 2023లో మొదలైంది. రెండు ప్రభుత్వాలకూ నా విన్నపం ఒకటే. ఇంటికి వెళ్ళి సేవ చేసే మనిషికి బతకడానికి సరిపోయే జీతం ఇవ్వండి. మరో జబ్బు ఊళ్ళ మీద పడినప్పుడు మాస్కులు, టీకాలు, రాకపోకలకు అనుమతి పత్రాలు ఆస్పత్రి సిబ్బందితో పాటు మొదటి రోజే ఆమెకూ అందించండి.