పాయింట్ లేదనే మనిషి

మా అనంతపురం వైపు బోరు వేయించాలంటే ముందు పాయింట్ పెట్టించాలి. కొందరు కొబ్బరికాయ పట్టేవాణ్ణి పిలుస్తారు, కొందరు మీటరు పెట్టేవాణ్ణి. ఇద్దరూ ఒకేచోట గుర్తు పెడితేనే బోరు బండికి ఫోన్ చేసే జాగ్రత్తపరులూ ఉన్నారు. వరాహమిహిరుడు పుట్టల్నీ చెట్లనీ బట్టి నీటి జాడ చెప్పాడంటే దాని వెనక పరిశీలన ఉంది. అరచేతిలో కాయ లేచి నిలబడటం వెనక ఏముందో నాకు బోధపడదు.

మీటరు పని మాత్రం దగ్గరుండి చూడాల్సిందే. నాలుగు ఇనుప కడ్డీల్ని ఒకే వరసలో నేలలోకి దిగ్గొడతారు. వేరుశనగ పీకేసిన ఎండు చేనైతే కడ్డీల మొదట్లో ఉప్పునీళ్లు పోస్తారు, లేకపోతే కరెంటు దిగదు. బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూస్తారు. బయటి కడ్డీల్ని దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. 1912 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో కోన్రాడ్ ష్లుంబర్గర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆయన వెతికింది నీళ్లను కాదు, ఖనిజాలను.

నిజానికి మీటరు కూడా నీళ్లను చూడదు. విద్యుత్ నిరోధకతను చూస్తుంది. పగుళ్లు లేని గ్రానైట్ వేల ఓమ్ మీటర్లు చూపిస్తుంది, నీళ్లున్న చివికిన రాయి పదుల్లోనో వందల్లోనో. బంకమన్ను దగ్గరా అంకె పడిపోతుంది, ఉప్పునీటి దగ్గరా పడిపోతుంది. అంకె తగ్గింది కదా అని అక్కడే సున్నం చల్లేసేవాడికి పని రానట్టే. పని తెలిసినవాడు పక్క బావుల్ని చూస్తాడు, చేన్లో నల్లరాతి డైకు, అంటే నేలలో గోడలా దిగిన రాయి, అడ్డంగా పోతుంటే దాని ఎగువన వెతుకుతాడు.

రాతినేలలో నీళ్లు నిలవుండేది ఎక్కువగా పైనున్న ఆ చివికిన పొరలోనే. కింది పగుళ్లు దారులు మాత్రమే, పైన నిలవ లేకపోతే వాటిలోకి వచ్చేదీ ఉండదు. 700 అడుగుల కింద అంగుళం మందం లేని ‘గ్యాప్’ను పైనుంచి ఏ మీటరూ పట్టలేదు. పడుతుందని ఎవరైనా అంటే వ్యాపారం చేస్తున్నట్టే లెక్క.

హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ, కేంద్ర భూగర్భ జల మండలి కలిసి హెలికాప్టర్ కింద తీగచుట్ట వేలాడదీసి తుముకూరు, నాగ్‌పూర్, పట్నా ప్రాంతాల్లో సర్వే చేశాయి. అలాంటి సర్వేతో ఆ పొర మందమెంతో, ఎంత మేర పరుచుకుందో ప్రాంతం మొత్తానికి పటం గీయవచ్చు. నా దృష్టిలో అసలు ఉపయోగం అదే. అయితే రైతుకు కావాల్సింది పటం కాదు, పాయింట్.

చిక్కంతా ఇక్కడే. ‘ఈ చేన్లో వద్దు’ అని చెప్పినాయన పెట్రోలు డబ్బులతో వెళ్లిపోవాలి, ఎక్కడో ఒకచోట గుర్తు పెట్టినాయన ఫీజు తీసుకుంటాడు. ఇలాగైతే ‘వద్దు’ అనే నోరు ఎన్నాళ్లుంటుంది? మా బావమరిది చేన్లో పొద్దంతా కడ్డీలు జరిపి, చివరికి లేదన్నాడొకాయన.

“నీళ్లు చూపించనాయనకు దుడ్లెందుకు బావా?” అన్నాడు మావాడు.

బండివాళ్లు అడుక్కింతని వసూలు చేసే రేటును 700 అడుగులకు గుణించి చూపించాక గానీ జేబులోంచి చెయ్యి బయటికి రాలేదు.