మైనం పలక మీద రోమ్ పాఠం

ఇంగ్లండ్‌లో ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలకు రోమన్ సామ్రాజ్యం, బ్రిటన్ మీద దాని ప్రభావం తప్పనిసరి చరిత్ర పాఠం. క్రీ.శ. 43లో క్లాడియస్ సేనలు దిగాయి, 122లో హేడ్రియన్ గోడ మొదలైంది, 410 ప్రాంతంలో రోమన్ పాలన ముగిసింది. ఇదంతా బోర్డు మీద రాసి బట్టీ పట్టించొచ్చు. అక్కడి టీచర్లు అంతటితో ఊరుకోరు. పిల్లల చేత పలకలు చేయిస్తారు, పిండి విసిరిస్తారు, డాళ్లు పట్టించి కవాతు చేయిస్తారు. చాలా బడుల్లో ఇందుకోసం ఒక ‘రోమన్ డే’ పెడతారు.

ఆ రోజు సందడంతా వేషాలదే. దుప్పటి భుజాన వేసుకుని టోగా అనేస్తారు. ముచ్చటగానే ఉంటుంది గానీ, నేర్చుకునేది తక్కువ. అసలు టోగా ఐదారు మీటర్ల ఉన్ని గుడ్డ. దాని మడతలు జారకుండా చూసుకోవడానికే ఎడమ చెయ్యి సరిపోయేది. ఆ అవస్థ దుప్పటితో తెలియదు.

మైనం పలక దగ్గర అలా కాదు. రోమన్లు చెక్క పలకను మధ్యలో పల్లంగా తొలిచి, మసి కలిపిన తేనెమైనం పోసేవారు. బడిలో అట్టకు పుల్లలతో అంచులు కట్టి, కరిగిన మైనం టీచరే పోస్తారు. రాయడానికి ఘంటం: ఒక కొస మొన, రెండో కొస చదును. సున్నా లాంటి గుండ్రటి అక్షరం గీయబోతే మైనం పెళ్లలుగా లేచి పక్కన గట్టు కడుతుంది. నాలుగు అక్షరాలు అయ్యేసరికి పిల్లలు వంపులు మానేసి పొట్టి పొట్టి గీతలుగా విడగొట్టి రాయడం మొదలుపెడతారు. రోమన్ల రోజువారీ చేతిరాత కూడా అలాంటి గీతలతోనే ఉండేది. తప్పు పోతే చదును కొసతో నులిమితే చాలు.

ఈ అవస్థ పడ్డాక విండొలాండా ఉత్తరాలు చూపించాలి. హేడ్రియన్ గోడకు దగ్గర్లోని ఈ కోటలో 1973 నుంచి సిరాతో రాసిన పల్చటి చెక్క రేకులు దొరుకుతున్నాయి. వాటిలో ఒకటి క్లాడియా సెవెరా రాయించిన పిలుపు. సెప్టెంబర్ 11న తన పుట్టినరోజుకు రమ్మని కోట అధికారి భార్య లెపిడినాను అడుగుతోంది. ఉత్తరమంతా లేఖకుడి కుదురైన రాత. చివరి మాటలు మాత్రం సెవెరా సొంత చేత్తో, కాస్త తడబడుతూ రాసినవి. పలకతో కుస్తీ పట్టిన పిల్లకు ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ కోట కుటుంబాన్నే పాత్రలుగా పెట్టి బార్బరా బెల్ 1999లో ‘మినిమస్’ అనే పిల్లల లాటిన్ వాచకం తెచ్చారు. అందులో కథానాయకుడు ఒక ఎలుక!

తిరగలి కూడా అలాంటిదే. రోమన్ సైనికుడికి ఇచ్చేది రొట్టె కాదు, గింజలు. ఒక గుడారంలో ఎనిమిది మంది, విసురుకోవడం వాళ్ల పనే. పిల్లలు వంతులవారీగా తిప్పితే చాలాసేపటికి గుప్పెడు పిండి, అందులో రాతి పొడి. చేతులు నొప్పి పుట్టాక టీచరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ధనవంతుల ఇళ్లలో ఈ పని ఎవరు చేసేవారు? బానిసలు. రోమన్ డే నాడు సైనికులు, చక్రవర్తులు కొల్లలు, బానిస వేషం వేసేవాళ్లు మాత్రం అరుదు. ఆ లోటు తిరగలి దగ్గరే తీర్చాలి.

తాబేలు వ్యూహానికి పిల్లలు ఎగబడతారు. ముందు వరుస డాళ్లు ఎదురుగా, వెనక వాళ్లవి నెత్తిన. మొదటిసారి సందులే సందులు. టీచరు మెత్తటి బంతులు విసిరితే ఎవరో ఒకరికి తగులుతుంది. పొడుగువాళ్లను ఎక్కడ నిలబెట్టాలి, అడుగు ఎవరు చెప్పాలి అని అప్పుడు వాళ్లలో వాళ్లే తేల్చుకుంటారు. అసలు డాలు ఆరేడు కిలోలు తూగేదని మాత్రం మాటల్లో చెప్పాల్సిందే. ఇక రంగు కాగితం ముక్కలతో మొజాయిక్ అతికించడం అన్నిచోట్లా ఉన్నదే. ముందు బొమ్మ అంచు వెంట ఒక వరుస పేర్చి, తర్వాత నేపథ్యం నింపమంటే అది పనివాడి పద్ధతి అవుతుంది. లేదంటే కాలక్షేపం.

విండొలాండా లెక్కల్లో ఒకతను రెండు దెనారీలకు మిరియాలు కొన్నట్టుంది. మిరియం పండేది కేరళ తీరంలో. భారతదేశంతో సాగిన వర్తకంలో వచ్చిన రోమన్ నాణేలు నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలోనూ, నాగార్జునకొండలోనూ దొరికాయి. అందుకని బ్రిటన్‌లో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట: బడి నుంచి రోమన్ డే చీటీ వస్తే ప్లాస్టిక్ కవచం ఆర్డరు పెట్టకండి. రెండు కొవ్వొత్తులు కరిగించి పలక చేయించండి, జేబులో నాలుగు మిరియాలు వేసి పంపండి. అవి రోమ్‌కు ఎక్కడి నుంచి వెళ్లేవో క్లాసుకు మీ పిల్లే చెబుతుంది.