టూలెట్ బోర్డు వెనక కులం

యూనివర్సిటీల చుట్టూ విద్యార్థులు పెరిగి పేటల స్వరూపమే మారిపోవడాన్ని 2002లో బ్రిటిష్ పరిశోధకుడు డారెన్ స్మిత్ 'స్టూడెంటిఫికేషన్' అన్నాడు. లీడ్స్ నగరంలోని హెడింగ్లీ ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. ఇళ్ళు గదులుగా చీలి కిరాయికి పోతాయి. పిల్లలున్న కుటుంబాలు కదిలిపోతాయి. బడులు పలచబడతాయి. వైవిధ్యం పోయిందని పాత నివాసుల ఫిర్యాదు.

ఈ భావనతో మాకొక పేచీ ఉంది. అది 'విద్యార్థి'ని ఒకే ముద్దగా చూస్తుంది. గది దొరికినవాళ్ళనే లెక్కబెడుతుంది. దొరకనివాళ్ళు దాని కంటికి ఆనరు.

ఉస్మానియా చుట్టూ తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్‌లలో మాలాంటి మొదటితరం వాళ్ళు గది కోసం తిరిగితే, కోర్సు సంగతి తర్వాత. ముందు "మీరేమోళ్ళు? నీసు వండుతరా?" అన్న ప్రశ్నలే ఎదురవుతాయి. విద్యార్థులు ఎంత పెరిగినా ఆ ప్రశ్న ఉన్నంతకాలం పేట కులం మారదు. ఊరూ వాడా విడివిడిగానే సిటీకొస్తాయి.

గది దొరకనివాళ్ళు హాస్టల్లో నాన్‌బోర్డర్లుగా దోస్తు మంచం పంచుకుంటారు. లేదా క్యాంపస్‌ను ఆనుకున్న మాణికేశ్వరి నగర్ లాంటి బస్తీలకు పోతారు. అక్కడ కిరాయి పెరిగితే మొదట కదలాల్సింది కూలి జనమే. అంటే అగ్రకుల ఓనరు వేసిన గడియ బరువు చివరికి ఇంకో పేద ఇంటి మీద పడుతుంది.

ఇంగ్లండ్‌లో 2010 నుంచి ఇలాంటి ఉమ్మడి కిరాయి ఇళ్ళను అదుపుచేసే వీలు స్థానిక కౌన్సిళ్ళకు వచ్చింది. ఆ మందు ఇక్కడ వాడితే ముందు బయటపడేది మనమే. అదుపు కావాల్సింది విద్యార్థుల సంఖ్యకు కాదు, ఆ గడియకు. అడ్మిషన్ ఇచ్చిన ప్రతి ఒక్కరికీ హాస్టల్ సీటివ్వాలి. కులం అడిగి ఇల్లు లేదనడాన్ని అంటరానితనంగానే చూడాలి. తల దాచుకునే చోటు లేకుండా క్లాసులో దొరికిన సీటు సగం సీటే.