దండక గుహ సాక్ష్యము: ఒక విమర్శ

బస్తరు ప్రాంతమున కాంగేర్ లోయలో దండక గుహ కలదు. ఆ లోయనీరు శబరిలోనికి, శబరి గోదావరిలోనికి చేరుచున్నవి. కావున ఆ గుహ చెప్పు వానల కథ కోరాపుట్టునుండి గోదావరీ తీరమువరకు గల తెలుగువారికి పరాయిది కాదు.

ఆశిష్ సిన్హా మున్నగు పరిశోధకులు ఈ గుహలోని ఒక సున్నపురాతి స్తంభమును పరీక్షించి, క్రీ. శ. 600 మొదలు 1500 వరకు గల వర్షచరిత్రను 2007లో ప్రకటించిరి. గుహ కప్పునుండి జారు నీటిబొట్లు నేలపై సున్నమును పొరపొరగా పేర్చును. ఆ పొరల వయస్సును యురేనియం, థోరియం పాళ్లనుబట్టి గణింతురు. వానలు మెండైనపుడు పొరలో బరువైన ఆక్సిజన్-18 పాలు తగ్గును, కొరవడినపుడు హెచ్చును. ఈ లెక్కచేతనే 14వ శతాబ్దమున వానలు దీర్ఘకాలము సన్నగిల్లినవని వారు తేల్చిరి.

ఈ కృషి శ్లాఘనీయమే. అయినను ఆ పాలు వాన పరిమాణమును మాత్రమే తెలుపదు. మేఘము ఏ సముద్రమునుండి వచ్చెను, మట్టిలో నీరెంత ఆవిరయ్యెను, గుహలోని గాలి ఎట్లుండెను అనునవియు దానిని మార్చును. ఒక్క స్తంభమును నమ్ముట అందువలన సాహసము. సమీపముననున్న ఝూమర్ గుహలోని స్తంభమును 2011లో దీనితో సరిచూచి, హెచ్చుతగ్గులు చాలవరకు కలియుచున్నవని చూపుటచే ఈ సందేహము కొంత తీరినది.

తీరనిది వేరొకటి కలదు. 1396లో ఆరంభమై పండ్రెండేండ్లు దక్కనును పీడించెనని ప్రసిద్ధిగల దుర్గాదేవి కరవును కొందరు ఈ రాతిలోనే చూచుచున్నారు. వాన తగ్గుట వేరు, జనము అన్నములేక చచ్చుట వేరు. 1876-78 నాటి ధాత కరవున వానలు తప్పిన మాట నిజము. కాని ఆ దినములలోనే దేశమునుండి ధాన్యపు ఎగుమతి సాగుచుండెను. ఈ సంగతిని ఏ గుహయు చెప్పజాలదు.

తమ పూర్వుల వలసకు కరవే కారణమని చెప్పుకొను కుటుంబములు మనలో కలవు. ఆ గాథలకు ఈ స్తంభమును చూపి సంవత్సరము నిర్ణయించుట తగదు. పొరల వయస్సులోనే కొన్నియేండ్ల తేడా ఉండవచ్చును. శాసనములు, కైఫీయతులు, కుటుంబముల పాతపత్రములు ఏమి చెప్పుచున్నవో ముందు విడిగా పరిశీలించి, పిమ్మట రాతి సాక్ష్యముతో పోల్చవలెను. రెండును కలిసినచోటనే చరిత్రకారుడు నిశ్చయముగా పలుకవచ్చును.