జెల్ల ముల్లు

మాచర్ల దగ్గర కృష్ణలో వేటాడేవాళ్లు వలలోంచి జెల్లను తీసేటప్పుడు తొందరపడరు. వీపు మీద ఒకటి, రెండు పక్కలా చెరొకటి, దానికి మూడు ముళ్లు. పట్టుబడగానే మూడూ నిక్కుతాయి. నొక్కితే వంగవు, విరగాల్సిందే.

పెద్ద వీపు ముల్లుకు ముందు, చర్మంలో దాదాపు కనబడకుండా, చిట్టి ఎముక ముక్క ఒకటుంటుంది. ముల్లు లేస్తే అదీ కదిలి, కింది ఎముకలో గడియలా పడుతుంది. ఆపైన ఎవరెంత తోసినా ఆ బలమంతా ఎముకే మోస్తుంది, కండరం అలసిపోదు. ఆ చిట్టి ముక్కను నొక్కితేనే ముల్లు వాలుతుంది.

పక్క ముళ్ల ఏర్పాటు ఇంకా నాజూకైనది. ముల్లు మొదలు దగ్గర వంపు తిరిగిన ఎముక అంచు ఒకటి భుజపుటెముక గాడిలో తిరుగుతుంది. ముల్లును చాచి కాస్త మెలితిప్పితే ఆ అంచు గాడి గోడకు ఒరుసుకుని బిగిసిపోతుంది. ఇక్కడ ఒరిపిడే తాళం. అదే అంచును గాడిలో రాస్తే కీచుమని శబ్దం వస్తుంది. జెల్ల అరిచేది నోటితో కాదు, ఈ కీలుతో! బిగింపుకూ బెదిరింపుకూ ఒకటే కీలు సరిపోయింది. ఈ చేప మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే పనితనం ఇదే.

ఈ ముళ్లకు విషమూ ఉంటుంది. అయితే దానికి పాము కోరలో ఉన్నట్టు గొట్టం లేదు. ముల్లును కప్పిన పలచని చర్మంలోనే విషకణాలుంటాయి. ముల్లు వేలిలో దిగితే ఆ తొడుగు చిరిగి విషం గాయంలో కలుస్తుంది. చేప చిమ్మేదేమీ లేదు, గుచ్చుకున్న బలమే ఆ పని చేస్తుంది. ముల్లు అంచున ఉండే రంపపు పళ్లు బయటికి వచ్చేటప్పుడు కండను చీలుస్తాయి. జెల్ల వర్గపు చేపల్లో విషమున్న జాతులు కనీసం 1,250 ఉంటాయని 2009లో జెరెమీ రైట్ అనే శాస్త్రవేత్త అంచనా కట్టాడు. ఈ వర్గానికే చెందిన, మన చెరువుల బురదలో ఉండే ఇంగిలాయికి వీపు ముల్లు లేదు, పక్క ముళ్లు రెండే. అయినా దాని పోటు మరీ బాధాకరం.

ఈ విషం ప్రోటీన్, వేడికి చెడుతుంది. చికిత్స అంతా ఆ ఒక్క గుణం మీదే నిలబడింది. గాయాన్ని శుభ్రమైన నీటితో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర వరకు ఉంచాలి. నొప్పిలో ఉన్న చేతికి వేడి సరిగా తెలియదు గనుక ముందు రెండో చేతితో నీళ్లు చూడాలి. కొయ్యడం, పీల్చడం, బిగించి కట్టడం వద్దు. ముల్లు ముక్క లోపల విరిగితే ఎక్స్‌రే తీయించాలి. విరిగినా విరగకపోయినా ధనుర్వాతం రాకుండా సూది వేయించుకోవాలి. తర్వాత వాపు పెరిగినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, నదినీళ్లలో సూక్ష్మజీవులు తక్కువేమీ కావు.

కార్తిక స్నానాలకు సూర్యలంక సముద్రతీరానికి వెళ్లినప్పుడు, తోకకు విషపు ముల్లుండే టేకు చేప పొడిచినా వేడినీళ్లే మొదటి మందు. అయితే దాని ముల్లు ఛాతీలోనో, పొట్టలోనో, మెడలోనో దిగితే పీకకుండా అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.